కులం అడగని పంక్తి.. గోరా జీవితం

ఉద్యోగం కోసం సముద్రం దాటడం మన తరంతో మొదలైన సంగతి కాదు. 1927లో పాతికేళ్ల తెలుగు యువకుడొకరు కొలంబో వెళ్లారు. అక్కడి ఆనంద కాలేజీలో పాఠాలు చెప్పే కొలువు. అది బౌద్ధుల కాలేజీ. అంతకుముందు మదురైలో క్రైస్తవ మిషనరీల కాలేజీలో పనిచేశారు. పుట్టిందేమో నియమనిష్ఠలున్న బ్రాహ్మణ కుటుంబంలో. చిన్న వయసులోనే మూడు మతాల వాకిళ్లు దగ్గరగా చూసిన ఆ యువకుడు చివరికి ఏ వాకిట్లోనూ నిలబడలేదు. నాస్తికుడయ్యారు. ఆయన పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులోని మొదటి అక్షరం, పేరులోని మొదటి అక్షరం కలిపి లోకం ఆయన్ని గోరా అంది.

ప్రజా జీవితంలో మతానికి ఎంత చోటివ్వాలి? ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ మాట మీద వాదులాట జరుగుతూనే ఉంటుంది. మన గదుల్లో రాత్రి భోజనాలయ్యాక కూడా జరుగుతుంది. ఒకాయన గుడి అంటాడు, ఒకాయన మసీదు అంటాడు, ఇంకొకాయన ఇవన్నీ ఓట్ల కోసమే అని తేల్చేసి దుప్పటి కప్పుకుంటాడు. గోరా ఈ వాదాన్ని మాటలతో వదిలిపెట్టలేదు. ఊరి బావి దగ్గరికి, భోజనాల పంక్తిలోకి, చివరికి సొంత కూతురి పెళ్లి పందిట్లోకి తీసుకెళ్లారు. అందుకే దేవుణ్ణి నమ్మేవాళ్లం కూడా ఆయన జీవితం ఒకసారి తెలుసుకోవాలి.

వదులుకున్న అవకాశాలు

గోరా 1902 నవంబర్ 15న గంజాం జిల్లా ఛత్రపూర్‌లో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు రాష్ట్రంలో భాగం. ఇప్పుడు ఒడిశాలో ఉంది. కాకినాడలోనూ మద్రాసులోనూ చదివి, ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి వృక్షశాస్త్రంలో ఎమ్మే పట్టా అందుకున్నారు. చదువుకుంటున్న రోజుల్లోనే, 1922లో, సరస్వతితో పెళ్లయింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఆ రోజుల్లో అది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, ఆ పదేళ్ల పిల్ల పెద్దయ్యాక భర్త వెనక కాకుండా పక్కన నడిచింది.

మదురైలో పనిచేస్తున్నప్పుడు గోరా ముందుకు ఒక అవకాశం వచ్చింది. క్రైస్తవం పుచ్చుకుంటే పైచదువుకు అమెరికా పంపిస్తామన్నారని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆయన వద్దన్నారు. విదేశీ అవకాశం విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక్క వీసా కోసం పొలం తాకట్టు పెట్టి ఏజెంటు చుట్టూ తిరిగిన వాళ్లం. చేతికందిన అమెరికాను వద్దన్నారంటే ఆ యువకుడి పట్టుదల ఎలాంటిదో మనకే బాగా తెలుస్తుంది. అలాగని హిందూమతం మీద అభిమానంతో ఆ పని చేశారనుకోకూడదు. జంధ్యం విషయంలోనూ అదే తీరు.

కొలంబోలో ఉండగా గ్రహణం వచ్చింది. సరస్వతి అప్పుడు గర్భవతి. గ్రహణం వేళ గర్భిణి కదలకూడదు, బయటికి చూడకూడదు అని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఆమె మాత్రం బయటికొచ్చి చూశారు. బిడ్డ నిక్షేపంగా పుట్టింది. ఒక మూఢనమ్మకం అబద్ధమని చెప్పడానికి ఉపన్యాసం ఇవ్వడం వేరు. కడుపులో బిడ్డతో నిలబడి చూపించడం వేరు.

ఇంట్లోంచి, కొలువులోంచి

1928 ప్రాంతంలో తిరిగొచ్చాక అసలు పరీక్ష ఎదురైంది. జంధ్యం వేసుకోనని గోరా చెప్పేశారు. కులపెద్దలు ఊరుకోలేదు. ఒత్తిడి తట్టుకోలేక తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. కట్టుకున్న భార్యతో, పసిబిడ్డతో గోరా బయటికి నడిచారు. కులం నుంచి వెలి అంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇంట్లో శుభకార్యానికి ఎవరూ రారు, ఆపదలో ఎవరూ గడప తొక్కరు.

కాకినాడ పీఆర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. బ్రహ్మసమాజ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది. సంస్కరణకు పేరుపడ్డ ఆ చోట కూడా నాస్తికుడికి చోటు దొరకలేదు. దేవుడి గురించి తన అభిప్రాయాలు రాశారు, చెప్పారు. 1933లో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీ. అక్కడ కూడా పిల్లలకు ఆయనంటే ఇష్టం, యాజమాన్యానికి ఇబ్బంది. అయిదారేళ్లకు ఆ కొలువూ వదులుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన పాఠం సరిగా చెప్పడం లేదని ఎవరూ అనలేదు. మొక్కల గురించి చెప్పే మేష్టారికి దేవుడి మీద నమ్మకం ఉందా లేదా అన్నది ఉద్యోగానికి సంబంధం లేని సంగతి. అయినా దాని మీదే కొలువు పోయింది. లౌకికవాదం అనే పెద్ద మాటకు అర్థం వెతుక్కోవాలంటే ఇక్కడే మొదలుపెట్టొచ్చు. మనిషి చేసే పనిని చూడాలా, మొక్కే దేవుణ్ణి చూడాలా? ఇంటిపేరు చూసి, మతం చూసి గది అద్దెకివ్వని వాళ్లని, పని చెప్పని వాళ్లని మనలో చాలామంది చూశాం. అప్పుడు కలిగే కోపం గోరా పడ్డ కష్టానికి దగ్గరి చుట్టమే.

ముదునూరు పంక్తి

1940లో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థులు రమ్మంటే గోరా కుటుంబం అక్కడికి మకాం మార్చింది. అక్కడే నాస్తిక కేంద్రం పుట్టింది. పేరు వినగానే దేవుళ్లని తిట్టే సంఘం అనుకుంటాం. జరిగింది వేరు. అంటరాని వాడలో పెద్దలకు రాత్రిబడి పెట్టారు. చదువు చెప్పారు. ఆ వాడలోనే తిరిగారు, అక్కడే తిన్నారు.

అన్నిటికంటే ఊరిని కుదిపింది సహపంక్తి భోజనాలు. పున్నమి రోజుల్లో అన్ని కులాల వాళ్లూ ఒకే వరసలో కూచుని తినాలి. ఖర్చుకు మనిషికో అణా. ఈ అణా విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ అందులోనే కిటుకంతా ఉంది. ఎవరో పెద్దమనిషి దానంగా పెడితే తినేవాడు కిందివాడవుతాడు. ఎవరి అణా వాళ్లు ఇచ్చుకుంటే పంక్తిలో పెద్దా చిన్నా ఉండరు. మన మెస్సులో కూడా అంతే కదా. నెలాఖరున లెక్క వేసుకుని తలా ఇంత కట్టేస్తాం. కరీంనగర్ వాడా, కడప వాడా, ఏ కులం వాడా అని చూసుకోం. ఊళ్లో ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగని వాళ్లం ఇక్కడ ఒకే గిన్నెలో కూర వేసుకుంటాం. అవసరం మనకు నేర్పిన ఆ పనిని గోరా ఊళ్లోనే, ఏ అవసరమూ లేకుండా, కావాలని చేయించారు.

స్వాతంత్ర్య పోరాటంలోనూ ఆ కుటుంబం వెనకబడలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైళ్లకు వెళ్లారు. సరస్వతి పసివాడైన కొడుకుతో రాయవెల్లూరు జైల్లో ఉన్నారు. ఆ కొడుకు పేరు నియంత. పిల్లల పేర్లు కూడా గోరా పద్ధతే. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన నాటి కొడుకు సమరం. మరొకరు విజయం. మొత్తం తొమ్మిదిమంది సంతానం. పేరు వినగానే కులమో మతమో తెలిసిపోయే దేశంలో, ఆ పిల్లల పేర్లు వింటే తెలిసేది పుట్టిన కాలం మాత్రమే.

గాంధీ ఆశ్రమంలో నాస్తికుడు

గోరా జీవితంలో అందరికీ ఆశ్చర్యం కలిగించే ఘట్టం గాంధీజీతో స్నేహం. రోజూ ప్రార్థన చేసే మనిషికీ, దేవుడే లేడనే మనిషికీ పొత్తెలా కుదిరింది? మొదట కుదరలేదు. 1930లో గోరా ఉత్తరం రాసి దేవుడంటే మీ ఉద్దేశం ఏమిటని అడిగితే, అది మనిషి బుద్ధికి అందేది కాదని గాంధీజీ జవాబిచ్చారు. 1941లో అంటరానితనం పోగొట్టడానికి నాస్తిక మార్గం గురించి మాట్లాడతానంటే, తనకు తీరిక లేదని, ఆ ప్రచారంలో ఇంతవరకూ ఎవరూ నెగ్గలేదని రాసేశారు. తర్వాత గోరా సహచరుడొకరు సేవాగ్రామ్ వెళ్లి ముదునూరు పనుల గురించి చెప్పారు. 1944 నవంబర్‌లో పిలుపొచ్చింది. వాదన వినని గాంధీజీని పని కదిలించింది.

ఆ సంభాషణల్లో గోరా 1943 బెంగాల్ కరువు సంగతి చెప్పారు. కలకత్తా వీధుల్లో జనం ఆకలితో మిఠాయి దుకాణాల ముందే ప్రాణాలు వదిలారు. అద్దం వెనక తిండి కనిపిస్తున్నా చెయ్యి వెయ్యలేదు. తలరాత అనుకున్నారు, దేవుడి చిత్తం అనుకున్నారు. ఆ నమ్మకమే లేకపోతే వాళ్లు అలా చచ్చిపోయేవాళ్లా అన్నది గోరా ప్రశ్న. కడుపు నిండిన వాడికి కూడా తన బాధ్యత గుర్తుకు రావాలంటే కర్మ అనే సాకు పోవాలని ఆయన పట్టు. గాంధీజీ ఓపిగ్గా విన్నారు. ఒప్పుకోలేదు. కానీ తన ఆస్తికత్వమే సరైనదని, నీ నాస్తికత్వం తప్పని తాను చెప్పలేనన్నారు. ఇద్దరం సత్యాన్నే వెతుకుతున్నాం, పని కలిసి చేద్దామన్నది ఆ మాటల సారాంశం.

ఈ పొత్తు ఎంత దూరం పోయిందో కూతురు మనోరమ పెళ్లి చెబుతుంది. తన కూతుర్ని అంటరాని కులంలో పుట్టిన యువకుడికే ఇవ్వాలని గోరా నిశ్చయించుకున్నారు. అర్జునరావును ఎంపిక చేశారు. కులాంతర వివాహమైతే తప్ప, అందులోనూ ఒకరు హరిజనులైతే తప్ప, పెళ్లికి ఆశీస్సులివ్వనని గాంధీజీ అప్పటికే నియమం పెట్టుకున్నారు. ఈ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే చేయిస్తానన్నారు. రెండేళ్లు ఆగమన్నారు. ఆ కాలంలో వరుడు ఆశ్రమ శిక్షణ పొందాడు. మరి ప్రమాణం సంగతి? పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఉంటుంది, గోరా కుటుంబానికి అది కుదరదు. దేవుడు అనే మాట ఉన్న చోట సత్యం అనే మాట పెడతానని గాంధీజీ ఒప్పుకున్నారు.

పెళ్లి జరగకముందే, 1948 జనవరి 30న, ఆయన హత్యకు గురయ్యారు. ప్రజా జీవితాన్ని ఒక మతం చేతికి ఇవ్వనన్నందుకు ప్రాణం పోయింది. నెలన్నర తిరగకుండా, మార్చి 13న, అదే సేవాగ్రామ్‌లో మనోరమ, అర్జునరావుల పెళ్లి జరిగింది. ఠక్కర్ బాపా అధ్యక్షత వహించారు. ఆశ్రమవాసి ప్రభాకర్‌జీ జరిపించారు. సత్యం సాక్షిగా ఒకరికొకరు మాటిచ్చుకున్నారు.

మన రాజ్యాంగంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మంత్రిగానో సభ్యుడిగానో ప్రమాణం చేసే మనిషి దేవుడి పేరు మీద చెయ్యొచ్చు, లేదా ఆత్మసాక్షిగా చెయ్యొచ్చు. రెండు ప్రమాణాలకూ ఒకే విలువ. నమ్మేవాడు తగ్గనక్కర్లేదు, నమ్మనివాడు అబద్ధమాడనక్కర్లేదు. ఆశ్రమంలో ఇద్దరు మనుషులు కుదుర్చుకున్న సర్దుబాటూ ఇదే దారిలోది.

పటమట నుంచి ఢిల్లీకి

1947లో నాస్తిక కేంద్రం విజయవాడ పటమటకు మారింది. 1949లో సంఘం పేరుతో తెలుగు వారపత్రిక మొదలైంది. గోరా 1952 ఎన్నికల్లో స్వతంత్రుడిగా పోటీ చేసి ఓడిపోయారు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలనేవారు. పాలకులు జనం బతికినట్టే బతకాలనేవారు. ఈ మాట చెప్పడానికి 1961 అక్టోబర్ 2న సేవాగ్రామ్‌లో బయల్దేరి ఢిల్లీ దాకా 99 రోజులు నడిచారు. దూరం దాదాపు 1,100 మైళ్లు. అప్పటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ప్రభుత్వ తోటల్లో పూలమొక్కలకు బదులు కూరగాయలు పెంచమని కూడా పోరాడారు. వృక్షశాస్త్రం చదివిన మనిషి కదా, ఆకలి తీర్చే మొక్కే అందమైన మొక్క అనుకున్నారు.

ఆయన చేసినవన్నీ అందరికీ నచ్చాయని చెప్పలేం. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించిన కార్యక్రమం పెట్టారు. హిందువు ఒకటి ముట్టడు, ముస్లిం ఇంకొకటి ముట్టడు. ఆ రెండు అడ్డుగోడలూ కలిసి కూచుంటేనే పోతాయన్నది ఆయన ఆలోచన. పెద్ద దుమారం రేగింది. ఇతరుల నమ్మకాన్ని నొప్పించకుండా ఐక్యత రాదా అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. ముదునూరులో అణా ఇచ్చి కూచున్న పంక్తిలో ఎవరూ తమ నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు, పక్కవాడి మీద అసహ్యాన్ని వదులుకుంటే చాలు. విజయవాడ పంక్తిలో మాత్రం నమ్మకాన్నే పక్కన పెట్టి రావాలి. మొదటి దాంట్లో ఊరంతటికీ చోటుంది. రెండో దాంట్లో అప్పటికే మారినవాళ్లకే చోటు. మనకు మొదటి పంక్తే గొప్పదనిపిస్తుంది.

అదే ఏడాది డిసెంబర్‌లో విజయవాడలో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా కన్నుమూశారు. మరుసటేడు, 1976లో, 42వ సవరణతో మన రాజ్యాంగ పీఠికలో లౌకిక అనే మాట చేరింది. ఆయన ఆ మాట చూడలేదు. చూసినా సంతృప్తి పడేవారు కాదేమో. అన్ని మతాలనూ సమానంగా గౌరవిస్తే చాలదని, మనిషిని మతం గుర్తు లేకుండా చూడటం నేర్చుకోవాలని ఆయన వాదన.

నిజామాబాద్ దాకా వచ్చిన పని

గోరా పోయాక పని ఆగలేదు. 2006లో కన్నుమూసేదాకా సరస్వతి గోరా కేంద్రాన్ని నడిపించారు. కొడుకు లవణం 1960లో మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. ఆ పెళ్లీ సేవాగ్రామ్‌లోనే. దంపతులిద్దరూ స్టువర్టుపురంలో నేరస్థులనే ముద్ర మోసిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత హేమలత నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతానికి వచ్చారు. జోగిని పేరుతో దేవుడికిచ్చి పెళ్లి చేసి, ఊరి పెద్దల పాలు చేసిన దళిత ఆడపిల్లల కోసం చెల్లి నిలయం నడిపారు. 1988లో రాష్ట్రంలో ఆ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మనలో నిజామాబాద్ వాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఊళ్ల సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. దేవుడి పేరు చెప్పి ఊరంతా కలిసి ఒక పేదపిల్ల బతుకు నాశనం చేస్తుంటే, అది మా నమ్మకం అంటే కుదురుతుందా? మతం ఇంటి గడప దాటి వచ్చి ఒకరి బతుకు మీద పెత్తనం చేసినప్పుడు, దాన్ని ప్రశ్నించే హక్కు అందరికీ ఉంటుంది.

నీళ్ల గొడవ కూడా గోరాతో పోలేదు. ఆయన పోయిన పదేళ్లకు, 1985 జూలైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కొన్ని కులాలను వెలివేశారన్న వార్తలు తర్వాతి కాలంలోనూ చదివాం. వెలివేయడం అంటే ఏమిటో గోరా తన పాతికేళ్ల వయసులో సొంత ఇంటి గడప మీదే చూశారు.

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? మనం ఉంటున్న దేశాల చట్టాలు వేరు. కాగితాల్లో మతం రాయమంటే రాస్తాం, ఇక్కడి పద్ధతుల్ని గౌరవిస్తాం. అందులో తప్పేమీ లేదు. కానీ మన ఊరి విషయంలో మన మాటకు విలువుంది. గుడి కడుతున్నామని, మసీదుకు మినార్ వేస్తున్నామని, చర్చికి కప్పు వేస్తున్నామని ఊళ్లోంచి ఫోన్ వస్తుంది. పంపాలనుకుంటే పంపుదాం. ఎవరి భక్తి వాళ్లది. అయితే అదే ఫోన్‌లో ఇంకో రెండు ప్రశ్నలు అడుగుదాం. మనం పంపిన డబ్బుతో వేసిన బోరు దగ్గర అందరూ బిందె పెట్టొచ్చా? ఉత్సవం రోజు పెట్టే అన్నదానంలో అందరికీ ఒకటే వరసా, రెండు వరసలా?

గోరాలాగా దేవుణ్ణి కాదనమని ఈ జీవితం మనల్ని బలవంతపెట్టదు. గాంధీజీయే కాదనలేదు, అయినా ఆ నాస్తికుడి కూతురి పెళ్లి తన ఆశ్రమంలో చేయిస్తానన్నారు. నమ్మకం ఎవరిదైనా కావచ్చు, బావి మాత్రం అందరిదీ కావాలి. గోరా జీవితమంతా ఈ ఒక్క మాట కోసం కొలువులు, ఇల్లు, కులం వదులుకున్నారు. మనం వదులుకోవాల్సింది అంత కూడా లేదు. ఇక్కడ మెస్సులో రోజూ పాటిస్తున్న పద్ధతిని, సెలవుల్లో ఊరెళ్లినప్పుడు విమానాశ్రయంలో వదిలెయ్యకుండా వెంట తీసుకెళ్తే చాలు.